ఇనుము సాధించిన ప్రగతి

ముప్పై ఒక్క ఏళ్ల సర్వీసులో నాకు ఒకే ఒక్క మెమో వచ్చింది. పనిచేసే మిషన్‌ను పనిచేసే స్థితిలో ఉంచినందుకు వచ్చింది. ఇందులో రెండో అభిప్రాయానికి చోటు లేదు.

నేను ఇంజనీరింగ్ యూనివర్సిటీలో ల్యాబ్ మెకానిక్‌ని. ఏడో తరగతి దాకా పల్లెటూరి బడిలో చదివాను. మా ల్యాబ్‌లో ఒక పెద్ద మిషన్ ఉంది. ఇనుప కడ్డీని రెండు కొసలా పట్టుకుని తెగేదాకా లాగుతుంది. ఎంత బలానికి తెగిందో ముల్లు చూపిస్తుంది. విద్యార్థి ఆ అంకెను రికార్డు పుస్తకంలో రాయాలి. ప్రయోగం అంతే.

ఈ ప్రయోగాన్ని మా హెచ్‌ఓడీ గారు ఎంతో మెరుగుపరిచారు. విద్యార్థుల చెయ్యి తగిలితే మిషన్ పాడవుతుందని ముందే పసిగట్టి, దానికి ఆకుపచ్చ గుడ్డ కప్పించారు. మిషన్‌తో పని లేకుండానే ప్రయోగం జరిగే పద్ధతి పెట్టారు. బీరువాలో మొదటి బ్యాచ్ వాళ్ల రికార్డు ఒకటి ఉంది. పిల్లలు దాన్ని తల్లి రికార్డు అంటారు. అందులో కడ్డీ నలభై ఏడు దగ్గర తెగింది. కాబట్టి ఆ తర్వాత వచ్చిన పదిహేడు బ్యాచ్‌ల కడ్డీలూ నలభై ఏడు దగ్గరే తెగాయి. బ్యాచ్‌కు అరవై మంది. వెయ్యి మందికి పైగా ఇంజనీర్లు తయారయ్యారు. ఒక్క కడ్డీ కూడా ఎదురు తిరగలేదు. క్రమశిక్షణ అంటే అదీ.

హెచ్‌ఓడీ గారి పాఠం కూడా చూడవలసిందే. ఆయన దగ్గర ఒక నోట్సు ఉంది. చదువుతారు, పిల్లలు రాసుకుంటారు. పదకొండో పేజీలో టీ ఒలికి రెండు వాక్యాలు కనబడకుండా పోయాయి. అక్కడికి వచ్చేసరికి ఆయన "మొదలైనవి" అంటారు. పిల్లలు "మొదలైనవి" అని రాసుకుంటారు. పరీక్షలో "మొదలైనవి" రాయకపోతే ఒక మార్కు పోతుంది. టీ మరకకు కూడా సిలబస్‌లో చోటిచ్చిన మహానుభావుడాయన.

ఆఖరి సంవత్సరంలో ఒక పిల్ల ఉండేది. మూడేళ్ల కిందట క్లాసులో చెయ్యెత్తి ఒక డౌటు అడిగింది. అంతే. ఆనాటి నుంచి ఆమె పేరు డౌటు.

ఒక మధ్యాహ్నం డౌటు ల్యాబ్‌లోకి తొంగిచూసింది.

"బాబాయ్, ఈ గుడ్డ కింద నిజంగా మిషన్ ఉందా?"

"ఉంది."

"నడుస్తుందా?"

"నడవకేం?"

"ఏమో, చూసినవాళ్లు లేరు. బల్లలు పేర్చి పైన గుడ్డ కప్పారని మా సీనియర్లు అంటున్నారు."

నాకు రోషం వచ్చింది. వారం వారం ఆ మిషన్‌కు నూనె పెట్టేది నేను. నా భార్య పోయాక ఈ ఆరేళ్లలో నేను నాలుగు మాటలు మాట్లాడానంటే దానితోనే మాట్లాడాను. ఎదురు చెప్పదు, అబద్ధం చెప్పదు. గుడ్డ లాగి పారేశాను. కడ్డీ బిగించాను.

"వాల్వు నువ్వే తిప్పు. మెల్లిగా."

తిప్పింది. ముల్లు ఎక్కింది. కడ్డీ చాలాసేపు ఏమీ ఎరగనట్టు నిలబడింది. తర్వాత తుపాకి పేలినట్టు తెగింది.

"బాబాయ్! నడుం సన్నబడి తెగింది! అచ్చం పుస్తకంలో బొమ్మలానే ఉంది! అమ్మో, ముట్టుకుంటే కాలుతోంది!"

"బొమ్మ కాలదు" అన్నాను.

"ఇంకోటి తెంపనా?"

మూడు తెంపింది. మూడూ యాభై మూడు దగ్గరే తెగాయి. ఆ పిల్ల రికార్డులో యాభై మూడు అని రాసుకుంది. నాలుగేళ్ల చదువులో తన చేత్తో చేసిన పని అదొక్కటేనని, తెగిన ముక్క ఒకటి సంచిలో వేసుకుపోయింది.

ల్యాబ్ పరీక్ష రోజు హెచ్‌ఓడీ గారు ఆ రికార్డు తెరిచారు. నేను పక్కనే ఉన్నాను.

"ఇదేమిటమ్మా?"

"రీడింగ్ సర్."

"ఎక్కడిది?"

"మిషన్‌ది సర్."

"మిషన్‌ను ఎవరడగమన్నారు? తల్లి రికార్డు చూడలేదా?"

"చూశాను సర్. నలభై ఏడు ఉంది."

"చూసి కూడా తప్పు రాశావా!"

సున్నా వేశారు. కారణం అన్న గడిలో "మానవ తప్పిదం" అని రాశారు. విద్యార్థిని మిషన్ ముట్టుకోనిచ్చినందుకు నాకు మెమో ఇచ్చారు.

డౌటుకు అప్పటికే ఉద్యోగం వచ్చింది. ఇలాంటి మిషన్లు సరిగ్గా ఉన్నాయో లేవో తనిఖీ చేసి సర్టిఫికెట్ ఇచ్చే కంపెనీ. ఇంటర్వ్యూలో వాళ్లు కడ్డీ ఎంత దగ్గర తెగుతుందని అడిగారట. మా పిల్లలందరూ నలభై ఏడు అన్నారు. ఈ పిల్ల మాత్రం "ముందు కడ్డీ చూపించండి" అందట. వెంటనే తీసుకున్నారు. డిగ్రీ చేతికొస్తే ఇంజనీరు. రాకపోతే మెకానిక్. ఇప్పుడు ఈ ఒక్క ల్యాబ్ దగ్గర డిగ్రీ ఆగింది.

సరిగ్గా ఆ సమయంలోనే విద్యాశాఖ మంత్రిగారు "విద్యార్థి అనుభవ సంవత్సరం" ప్రకటించారు.

"మన విద్యార్థికి చదువు ఉంది, అనుభవం లేదు. ఏడాది తిరిగేలోగా ప్రతి విద్యార్థికీ అనుభవాన్ని సరఫరా చేస్తాం" అని సభలో గర్జించారు. అంతటి దూరదృష్టి ఉన్న మనిషి ఊరికే గర్జించరు. మర్నాడే ఒక ఫారం పంపారు. కోర్సు మీకు ఎలా అనిపించింది? ఒకటి, అద్భుతం. రెండు, మహాద్భుతం. మూడు, మాటల్లో చెప్పలేను. మా పిల్లల్లో నూటికి తొంభై మంది మూడోదానికి టిక్కు పెట్టారు. ఆనందంతో విద్యార్థులకు నోట మాట రావడం లేదని ప్రభుత్వం నివేదిక విడుదల చేసింది.

ఆ నివేదిక చూసి మంత్రిగారు ముచ్చటపడ్డారు. ఒక విద్యార్థి స్వహస్తాలతో ప్రయోగం చేస్తుంటే కళ్లారా చూడాలన్నారు. మా ల్యాబ్‌ను ఎంచుకున్నారు.

ముందుగా ఆయన పీఏ వచ్చి మిషన్ చుట్టూ ఒక ప్రదక్షిణ చేశాడు.

"ఇది తెగేటప్పుడు చప్పుడొస్తుందా?"

"వస్తుందండీ" అన్నాను.

"ఏమాత్రం?"

"తుపాకి అంత."

"సెక్యూరిటీ వాళ్లు ఒప్పుకోరు. చప్పుడు కాకుండా తెంపండి."

"ఇనుమండీ."

"మంత్రిగారి ప్రోగ్రామండీ."

చివరికి చప్పుడును ముందే రాతపూర్వకంగా తెలియజేయాలన్న షరతు మీద ఒప్పుకున్నాడు.

ఇక్కడ చిన్న చిక్కు వచ్చింది. ఆ మిషన్‌ను ముట్టుకున్న విద్యార్థి ఈ యూనివర్సిటీ మొత్తానికి ఒకరే. హెచ్‌ఓడీ గారు డౌటును పిలిపించి కుర్చీ వేయించారు. పాఠం చెప్పినప్పుడు కూడా అంత తియ్యగా మాట్లాడి ఎరగరు.

"చూడు తల్లీ. వాల్వు తిప్పు. తెగగానే నలభై ఏడు అని గట్టిగా చదువు. సాయంత్రానికి నువ్వు పాస్."

"ముల్లు యాభై మూడు చూపిస్తే సర్?"

"ముల్లు వైపు ఎందుకు చూస్తావమ్మా? కెమెరా వైపు చూడు."

బయటకొచ్చి మెట్ల మీద నా పక్కన కూలబడింది.

"ఏం చెయ్యమంటావు బాబాయ్?"

"నలభై ఏడు అను. ఇంజనీరువవుతావు."

"నువ్వైతే ఏమంటావు?"

"నాకు మెమో వచ్చింది. నన్నడుగుతావేం?"

నవ్వి లేచిపోయింది.

మంత్రిగారు వచ్చారు. రిబ్బను కత్తిరించారు. డౌటు వాల్వు తిప్పింది. కడ్డీ తెగింది. మంత్రిగారు వెంటనే వంగి, పీఏ వెనకాల నేలను పరిశీలించారు. చాలాసేపు పరిశీలించారు. అంతటి హోదాలో ఉండి నేల విడవని నాయకులు ఎందరుంటారు? తర్వాత లేచి కోటు సర్దుకున్నారు.

"ఎంతమ్మా?"

డౌటు హెచ్‌ఓడీ గారి వైపు చూసింది. ఆయన పెదవులు శబ్దం లేకుండా నలభై ఏడు అంటున్నాయి. కెమెరా వైపు చూసింది. ముల్లు వైపు చూసింది.

"యాభై మూడు సర్."

హెచ్‌ఓడీ గారు గోడ పట్టుకున్నారు.

"మామూలుగా ఎంత ఉంటుంది?" అన్నారు మంత్రిగారు.

"నలభై ఏడండీ. పద్దెనిమిదేళ్లుగా నలభై ఏడేనండీ. ఇవాళ ఏదో పొరపాటు..."

మంత్రిగారు చెయ్యెత్తి ఆయన్ని ఆపారు. కళ్లు మూసుకున్నారు. ఒక మహత్తర ఆలోచన పుడుతుంటే చూసే భాగ్యం నాకు కలిగింది. కళ్లు తెరిచి విలేకరుల వైపు తిరిగారు.

"రాసుకోండి. గత ప్రభుత్వాల హయాంలో నలభై ఏడుకే తెగిపోయిన ఇనుము, మా హయాంలో యాభై మూడు దాకా నిలబడింది!"

చప్పట్లు మోగాయి. ఒక కుర్ర విలేకరి మాత్రం గొణిగాడు.

"ఇనుము అదే కద సర్?"

"ఇనుము అదే. పాలన మారింది. వచ్చే ఏడాది యాభై ఎనిమిది చేస్తాం!"

ఈసారి చప్పట్లు హెచ్‌ఓడీ గారు మొదలుపెట్టారు.

సాయంత్రం డౌటు ఆయన గదికి వెళ్లింది. రికార్డుల కట్ట మోసుకుని నేనూ వెళ్లాను.

"సర్, యాభై మూడని మంత్రిగారే ఒప్పుకున్నారు. నన్ను పాస్ చెయ్యండి."

"నువ్వు రాసిన నాటికి ఇనుము నలభై ఏడే అమ్మా. అభివృద్ధి ఆ తర్వాత జరిగింది."

ఆ పిల్ల కంపెనీలో మెకానిక్‌గా చేరిపోయింది.

పది నెలలు గడిచాయి. ఇనుము యాభై ఎనిమిదికి చేరినట్టు సర్క్యులర్ వచ్చింది. హెచ్‌ఓడీ గారు ల్యాబ్‌లో నిలువెత్తు బోర్డు పెట్టించారు. దాని మీద ఉన్నది "58" ఒక్కటే. దాన్ని ఆవిష్కరించడానికి మంత్రిగారు మళ్లీ వస్తున్నారు. అయితే బోర్డు కింద మిషన్ తాలూకు సర్టిఫికెట్ ఒకటి తగిలించి ఉంటే ప్రతిపక్షాల నోరు మూయించవచ్చని పీఏ సలహా ఇచ్చాడు. కంపెనీకి కబురు వెళ్లింది. మర్నాడు ప్రోగ్రాం అనగా, పొద్దున్నే పనిముట్ల పెట్టె పట్టుకుని డౌటు దిగింది.

"బాబాయ్, నూనె పెడుతున్నావా?"

"పెడుతున్నాను."

హెచ్‌ఓడీ గారు గుర్తుపట్టి, గుర్తుపట్టనట్టు ముఖం పెట్టారు.

"ముల్లు కాస్త వెనకబడిందమ్మా. యాభై ఎనిమిది దగ్గరకు జరుపు."

"ముందు తనిఖీ చేస్తాను సర్. కానీ సర్టిఫికెట్ మీద సంతకం మా ఇంజనీరు పెట్టాలి. ఆయన వచ్చే వారం గానీ రారు."

"వచ్చే వారమా? మంత్రిగారు రేపు! నువ్వే పెట్టు."

"డిగ్రీ ఉన్నవాళ్లే పెట్టాలి సర్. నాకు లేదు. ఒక ల్యాబ్ పోయింది."

"ఏ ల్యాబ్?"

"ఇదే సర్."

"ఎవరమ్మా ఫెయిల్ చేసింది?"

"మీరే సర్."

హెచ్‌ఓడీ గారు ఒక్క క్షణం కూడా వృథా చెయ్యలేదు. మార్కుల రిజిస్టర్ తెప్పించారు. మంత్రిగారి ప్రకటన వెలుగులో ఆ రికార్డును పునఃపరిశీలించారు. సున్నాకు ఎడమ పక్కన తొమ్మిది పడింది. తొంభై. వైస్ ఛాన్సలర్ గారు భోజనం మధ్యలో లేచి, చెయ్యి కడుక్కుని, డిగ్రీ మీద సంతకం చేశారు. నాలుగేళ్లకు, పైన పది నెలలకు రాని డిగ్రీ రెండు గంటల పది నిమిషాల్లో వచ్చింది. విద్యార్థికి సేవ చెయ్యాలన్న సంకల్పం ఉంటే ఏ వ్యవస్థా అడ్డు రాదు.

డౌటు కంపెనీకి ఫోన్ చేసింది.

"సర్, నాకు డిగ్రీ వచ్చింది... ఇప్పుడే సర్... ఆ, సిరా ఆరింది సర్."

మేనేజర్ డిగ్రీ ఫొటో తెప్పించుకుని చూశాడు. సంతకం పెట్టే అధికారం రాసి పంపాడు.

అప్పుడు పిల్ల చొక్కా చేతులు పైకి మడిచి మిషన్ దగ్గర కూర్చుంది. మూడు గంటలు కూర్చుంది. ప్రతి మర విప్పి చూసింది, తూకాలు పెట్టి చూసింది, మూడు కడ్డీలు తెంపింది. ఆమె అడిగిన పానా నేను అందించాను. చివరికి బల్ల మీద కాగితం పరిచి, తీరిగ్గా రాసింది.

హెచ్‌ఓడీ గారు పరుగున వచ్చారు.

"అయిందా?"

"అయింది సర్. మిషన్ ఎంత చూపించాలో అంతే చూపిస్తోంది."

"సంతకం?"

"పెట్టాను సర్."

"సీలు?"

"వేశాను సర్."

సీలు గుండ్రంగా, నీలంగా, స్పష్టంగా ఉంది. ఆయన దాన్ని వెలుతురులో పెట్టి చూసి మురిసిపోయారు. బంగారు రంగు ఫ్రేము కట్టించడానికి అప్పటికప్పుడు మనిషిని పంపారు. డౌటుతో చెయ్యి కలిపి, "నీలాంటి విద్యార్థులే మాకు గర్వకారణం మేడమ్" అన్నారు. ఆ పిల్ల పనిముట్ల పెట్టె తీసుకుని, గేటు దాకా నాతో కబుర్లు చెబుతూ నడిచింది. ఇంజనీరుగా వెళ్లింది.

మర్నాడు మంత్రిగారు బోర్డు మీది తెర లాగారు. ఫ్రేము పక్కన నిలబడి ఫొటో దిగారు. హెచ్‌ఓడీ గారు దిగారు. పీఏ దిగాడు. పేపర్లన్నీ వేశాయి. ఆ తర్వాత తనిఖీ కమిటీలు మూడు వచ్చాయి, పక్క యూనివర్సిటీల పెద్దలు వచ్చారు. అందరూ దాని ముందు నిలబడ్డారు. కొత్త బ్యాచ్ పిల్లలు అరవై మందీ రికార్డుల్లో యాభై ఎనిమిది రాశారు, అరవై మందీ పాసయ్యారు.

ఏడాదిన్నర అయింది. ఆ ఫ్రేము మీది దుమ్ము రోజూ నేనే తుడుస్తాను. లోపల కాగితంలో, ఏడో తరగతి చదివినవాడికి కూడా తెలిసేలా, పెద్ద అక్షరాలతో ఉంది: "మిషన్‌లో లోపం లేదు. కడ్డీ తెగిన బలం: యాభై మూడు."

ఈ సంగతి నేను ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు చెప్పాను. ఇక మీదట ఎవరడిగినా చెప్పను.