తొమ్మిదో రోజు సెలవు

ఆ సోమవారానికి అక్క వేసుకున్న ప్లాను చాలా చిన్నది. పదింటిదాకా పడుకోవాలి. లేచి, కాఫీ వేడిగా ఉండగానే తాగాలి. మళ్ళీ పడుకోవాలి. రెండేళ్ళలో ఆమె పెట్టిన మొదటి సెలవు అది. ఆ ఒక్క రోజు కోసం మూడుసార్లు దరఖాస్తు రాయాల్సి వచ్చింది. రెండుసార్లు ప్రొఫెసర్ గారు దాని వెనకవైపు ఏవో లెక్కలు వేసుకున్నారు.

ఆమె ల్యాబులో టెక్నీషియన్. అక్కడ అందరూ ఆమెను అక్క అనే పిలుస్తారు. ఆమె కన్నా పదకొండేళ్ళు పెద్దవారైన ప్రొఫెసర్ గారు కూడా అలాగే పిలుస్తారు. ఆ పిలుపుకు వేళాపాళా లేదు.

వాళ్ళ పని అలసిపోయిన కణాలతో. క్యాన్సర్‌తో నెలల తరబడి పోట్లాడి పోట్లాడి, ఒంటిని కాపాడాల్సిన రక్షక కణాలు చివరికి చేతులెత్తేస్తాయి. చావవు, కానీ శత్రువు ఎదురుగా నిలబడినా కదలవు. ఆ స్థితిలో ఎంత గొప్ప మందు ఇచ్చినా గోడకు చెప్పుకున్నట్టే. పోరాటం కబురు చెవిన పడకుండా చేసే మందు వేసి వాటికి పది రోజులు విశ్రాంతి ఇస్తే మళ్ళీ లేస్తాయా అన్నదే వీళ్ళ ప్రశ్న. ఈసారి ప్లేటులో ఉన్నవి రిటైరైన ఒక బస్సు కండక్టరు గారి కణాలు. ఆయనకు పాత చికిత్స పనిచేయడం మానేసింది. ఈ కణాలు లేస్తే ఆయన్ని కొత్త చికిత్సలో చేర్చుకుంటారు, లేకపోతే లేదు. మళ్ళీ తీద్దామంటే ఆయన ఒంట్లో అన్ని కణాలు మిగల్లేదు.

సోమవారం తొమ్మిదో రోజు. ఆ రోజు చేయాల్సిన పనల్లా, కణాలను వెచ్చగా ఉంచే ఇంక్యుబేటర్ తలుపు తెరవకుండా ఉండడం. అందుకే అక్క ధైర్యంగా సెలవు పెట్టింది. ఏమీ చేయకుండా ఉండడం బాగా చదువుకున్నవాళ్ళకు ఎంత కష్టమో ఆమె ఆలోచించలేదు.

ఎనిమిదీ పదికి ఫోను మోగింది.

"అక్కా, నిద్ర లేపానా?" అన్నారు ప్రొఫెసర్ గారు.

"లేపారండీ."

"సరే సరే, పడుకో. ఇంక్యుబేటర్ తాళం ఎక్కడుంది?"

"తాళం ఎందుకు సార్? పదో రోజుదాకా తెరవకూడదని మీరే కదా రాశారు!"

"అది మిగతావాళ్ళ కోసం రాశానమ్మా. ఒక్కసారి చూసి మూసేస్తా. ఆఁ, దొరికింది దొరికింది."

కాఫీ పెట్టుకునేలోగా రెండో ఫోను. ఈసారి అక్కడ పీహెచ్‌డీ చేస్తున్న అమ్మాయి. "అక్కా, అలారం మోగుతోంది. ఎలా ఆపాలి?"

"తలుపు మూస్తే ఆగుతుందమ్మా."

"మూస్తే సార్‌కి కనబడట్లేదట."

కాఫీ చల్లారింది. తొమ్మిదిన్నరకు తెలియని నంబరు. "మేడమ్, మెకానిక్‌ని. అలారం మోగిందని పిలిచారు. ఇందులో రిపేరేం లేదు."

"హమ్మయ్య. ఇక వెళ్ళండి బాబూ."

"ఎలాగూ వచ్చాను కదా అని విప్పేశాను."

అక్కకు ఒళ్ళు మండిపోయింది. వెంటనే ఆ అమ్మాయికి ఫోను చేసింది. "ప్లేటు ఎక్కడుంది?"

"నా ఒళ్ళోనే ఉందక్కా. చలేస్తుందని శాలువా కప్పాను. రెండో అరలోంచి నేనే జాగ్రత్తగా తీశా. కాకపోతే మూత మీద పేరు చెరిగిపోయినట్టుంది."

"ఎవరూ ముట్టుకోకండి! వస్తున్నా!"

"సెలవన్నావు?" అన్నాడు భర్త.

"సెలవే," అంటూ చెప్పులేసుకుంది.

దారిలో మళ్ళీ ప్రొఫెసర్ గారి ఫోను. "అక్కా, మైక్రోస్కోపు కింద పెట్టి చూశాను. ఒక్క కణం కూడా లేదు. అన్నీ పోయాయి. కండక్టరు గారిని చూసే డాక్టరుగారికి చెప్పేశా. ఆవిడ పాపం అప్పుడే ఆయనకి చెప్పేసిందట."

ఆ కండక్టరు గారు రోజూ సాయంత్రం ఫోను చేసి, ఇంట్లోవాళ్ళని అడిగినట్టు, "మనవాళ్ళు ఎలా ఉన్నారమ్మా?" అని అడిగేవారు. ఇప్పుడు ఆయనకేం చెప్పాలి? సార్‌కి చూడాలనిపించింది అని చెప్పాలా?

ల్యాబులో అడుగుపెట్టేసరికి ఇంక్యుబేటర్ నాలుగు ముక్కలై నేలమీద పరిచి ఉంది. అక్కకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"అలసిపోయిన కణాన్ని ఊరికే కదిలించకూడదని ఊరూరా తిరిగి ఉపన్యాసాలిస్తారు కదా సార్! ఒక్క రోజు, ఒక్కటంటే ఒక్క రోజు వదిలెయ్యడం చేతకాలేదా? ఒక మనిషి ప్రాణం అది! మీ కుతూహలానికి ఆడుకునే బొమ్మా?"

మెకానిక్ స్క్రూడ్రైవర్ వెనక్కి దాచుకున్నాడు. 'ప్లేటు నాశనమైంది' అని రాయడానికి అక్క కళ్ళు తుడుచుకుని లాగ్‌బుక్ తెరిచింది. ఆ ల్యాబులో ప్రతి పనీ అందులో రాయాలని నియమం. చదవాలని నియమం లేదు.

శనివారం పేజీలో ఇలా ఉంది: 'తలుపు రబ్బరు వదులైంది. కండక్టరు గారి ప్లేటును కారిడార్ చివర పాత ఇంక్యుబేటర్‌లోకి మార్చాను. ఇక్కడి రెండో అరలో ఇంకెవరూ ఏదీ పెట్టకుండా, బస్సు సీటు మీద రుమాలు వేసినట్టు, కణాలు లేని ఉత్త ప్లేటు పెట్టాను.'

కింద సంతకం. చేతిరాత ఆమెదే. రెండుసార్లు చదివినా ఆ పని చేసినట్టు ఆమెకు గుర్తు రాలేదు.

"చెప్పొచ్చు కదా అక్కా?" అన్నారు ప్రొఫెసర్ గారు మెల్లగా.

"రాశాను కదా సార్. చదవొచ్చు కదా."

"నీకైనా గుర్తుండాలి కదా?"

అక్క గొంతులోని కోపం సగంలో ఆగిపోయింది. "ఉండేదే సార్. ఈ రెండేళ్ళలో నాలుగు ఆదివారాలు ఇంట్లో ఉండనిచ్చి ఉంటే."

ముగ్గురూ కారిడార్ చివరికి పరుగెత్తారు. ఎవరికీ గుర్తులేని ఆ పాత పెట్టె, ఎవరూ తాకని ముప్పై ఏడు డిగ్రీల దగ్గర నిశ్శబ్దంగా పనిచేస్తోంది. అద్దంలోంచి ప్లేటు కనబడింది. మూత మీద పేరు స్పష్టంగా ఉంది. ప్రొఫెసర్ గారి చెయ్యి తలుపు మీదికి వెళ్ళింది. అక్క ఆయన వైపు చూసింది. చెయ్యి జేబులోకి వెళ్ళిపోయింది. అక్క అక్కడే నిలబడి డాక్టరుగారికి ఫోను చేసింది.

మర్నాడు కణాలు లేచాయి. ఎదురుగా పెట్టిన క్యాన్సర్ కణాల మీద కలబడ్డాయి. సాయంత్రం కండక్టరు గారు ఫోను చేశారు.

"నిన్న పొద్దున పోయాయన్నారు, మధ్యాహ్నం పడుకున్నాయన్నారు, ఇవాళ లేచాయంటున్నారు. ముప్పై ఏళ్ళ సర్వీసులో నా బస్సు కూడా ఇన్ని మాటలు మార్చలేదమ్మా." గొంతు సవరించుకున్నారు. "డాక్టరమ్మ వచ్చే వారం నుంచి చేర్చుకుంటానంది. ఇంతకీ మనవాళ్ళకి ఏం చేశారు?"

"మొదటి రోజు కాస్త మందు వేశామండీ. ఆ తర్వాత వాటి మానాన వాటిని వదిలేశాం," అంది అక్క. మాట పూర్తయ్యేసరికి ఆమె కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

ప్రొఫెసర్ గారు ఆ పాత ఇంక్యుబేటర్ మీద పెద్ద అక్షరాలతో 'విశ్రాంతిలో ఉన్నవాటిని కదిలించరాదు' అని బోర్డు పెట్టించారు. దాన్ని అందరూ పాటిస్తున్నారో లేదో చూసుకోవడానికి ఇకమీద ఒక్క ఆదివారమూ మానకుండా రమ్మని అక్కను అడిగారు.