ఆరువందల అడుగులు జరిగిన మడుగులు

ఒక పెద్ద అడవిలో మాణిక్యాంబ అనే తాబేలు ఉండేది. వయసు నలభై ఆరు. ఎక్కడికి వెళ్ళినా ముందు నేలకి పొట్ట ఆనించి కాసేపు కూర్చుని, ఆ తరువాతే పని మొదలుపెట్టడం ఆమె అలవాటు.

అడవి సభ వారి భూముల కార్యాలయంలో ఆమె క్షేత్ర పరిశీలకురాలు. తాత్కాలికం. పందొమ్మిదేళ్ళుగా తాత్కాలికం. చేరిన రోజు నింపిన ఫారంలో 'భర్త పేరు' అనే గడి ఉంటే, అందులో 'ఈదుకుంటూ పోయాడు' అని రాసింది. ఆ గడి సరిగ్గా నింపలేదనే కారణంతో ఆమె ఫైలు ఇప్పటికీ పెండింగులో ఉంది.

ఆ కార్యాలయానికి కార్యదర్శి నక్క ధర్మలింగం గారు. ఆయన కాలికి పుట్టి బుద్ధెరిగాక బురద అంటలేదు. చిత్తడి నేలల మీద అడవి మొత్తానికీ నిపుణుడు ఆయనే.

ఒక ఏడు పై కొండ మీది ఏనుగుల ధర్మాసనం నుంచి ఉత్తర్వు దిగింది. అడవిలో ఉన్న చిత్తడి నేలలన్నిటికీ వచ్చే ఏడు తొలకరిలోగా మ్యాపు తయారు కావాలి. ఏనుగుల దగ్గర పాత లెక్క ఉంది. చెరువులు, కుంటలు, మడుగులు అన్నీ కలిపి నూట పద్నాలుగు. ఒక్కటి తగ్గినా కారణం చెప్పాలి. మ్యాపులో నీలం రంగు పడిన చోట గోరూ గిట్టా ఉన్న మెరక జంతువులెవరూ ఇల్లు కట్టకూడదు, కాపురం ఉండకూడదు. అది నీటి జీవులకే.

ధర్మలింగం గారు ఈ పనికి కంప్యూటర్ తెప్పించారు. దాన్ని నడపడానికి చలపతి అనే కోతిని పెట్టారు. చలపతి పట్నంలో ఒక ఇంజనీరింగు కాలేజీ పక్క చెట్టు మీద మూడు నెలలుండి, కిటికీలోంచి చూసి జీఐఎస్ నేర్చుకున్నాడు. సర్టిఫికెట్టు కూడా ఉంది. అదీ కిటికీలోంచి తెచ్చుకున్నదే.

జీఐఎస్ అంటే ఏమిటో అతను సభకి వివరించాడు. అడుగున గద్ద పైనుంచి తీసిన బొమ్మ ఉంటుంది. దాని మీద దారుల పొర, దాని మీద చెట్ల పొర, దాని మీద నీళ్ళ పొర, పూతరేకు మడతల్లా. నీళ్ళ పొరలో ప్రతి మడుగు చుట్టూ ఒక గీత గీసి లోపల నీలం నింపుతారు. ఏ పొరైనా అక్కర్లేదనుకుంటే దాన్ని కనపడకుండా దాచేయవచ్చు. ఈ చివరి సౌకర్యం ధర్మలింగం గారికి బాగా నచ్చింది. మళ్ళీ ఒకసారి చెప్పించుకున్నారు.

పైనుంచి తీసిన బొమ్మ ఒక్కటే చాలదు, ప్రతి చోటికీ ఎవరో ఒకరు నడిచి వెళ్ళి చూసి సంతకం పెట్టాలని ఏనుగుల నిబంధన. బురదలో దిగాలనేసరికి కార్యాలయంలో మగ సిబ్బంది అందరికీ ఆ వారమే నడుము నొప్పి వచ్చింది. ఉన్న చోటు చూపించే జీపీఎస్ యంత్రాన్ని మాణిక్యాంబ మెడలో కట్టి పంపారు.

మ్యాపు కింద నాలుగు గడులున్నాయి. రూపకల్పన, మార్గదర్శనం, పర్యవేక్షణ అనే మూడింట్లోనూ ధర్మలింగం గారు తమ పేరే వేసుకున్నారు. 'నేల మీద చూసి ధ్రువీకరించినవారు' అనే నాలుగో గడిలో మాత్రం ఆమె పేరు రాయించారు. తప్పేదైనా బయటపడితే పట్టుకోవడానికి ఒకరుండాలి కదా.

మాణిక్యాంబ వానాకాలం ఒకసారి, ఎండాకాలం ఒకసారి నూట పద్నాలుగూ తిరిగింది. పొట్ట ఆనించేది, తడి ఎంత లోతున ఉందో చూసేది, యంత్రం మీట నొక్కేది. తాబేలు నడకకి ఏడాది పట్టింది. ఆలస్యమైందని మెమో ఇచ్చారు.

ఆ నూట పద్నాలుగులో ఎనభై ఏడో నంబరు జమ్ముమడుగు. ఎండాకాలంలో పైకి పగుళ్ళిచ్చి ఒట్టి నేలలా కనిపిస్తుంది గానీ, మూరెడు లోతున తడి ఆరదు. దాని తూర్పు గట్టు మట్టి మెత్తన. అడవిలో తాబేళ్ళన్నీ గుడ్లు పెట్టేది అక్కడే. మిగతా గట్లన్నీ రాతి నేల, గుంత తవ్వబోతే గోళ్ళు ఊడతాయి. ఆ ఏడు మాణిక్యాంబ కూడా కడుపుతో ఉంది. తొలకరి పడ్డ పది రోజుల్లో ఆమె అక్కడికి చేరి గుంత తవ్వుకోవాలి.

అదే గట్టు మీద గాలి బాగా వీస్తుందని ధర్మలింగం గారు కనిపెట్టారు. సింహం గారికి అక్కడొక విశ్రాంతి భవనం కట్టిస్తే తమ పదవీకాలం ఇంకో అయిదేళ్ళు పెరుగుతుందని కూడా కనిపెట్టారు. మాణిక్యాంబని పిలిపించి, రోహిణి కార్తెలో గద్ద తీసిన బొమ్మ ముందు పెట్టారు.

"ఎనభై ఏడు ఎండు నేల అని రాయమ్మా."

"తడి ఉంది సార్. పొట్ట ఆనించి చూశాను. చల్లగా ఉంది."

"నీ పొట్ట సాక్ష్యం చెల్లదమ్మా. ఇది పైనుంచి తీసిన బొమ్మ. పైనుంచి చూసినవాడికి తెలిసినంత కింద పాకేవాళ్ళకి తెలుస్తుందా?"

"పైనుంచి చూస్తే మీరూ ఎండుటాకులాగే కనిపిస్తారు సార్," అని, కాగితం మీద 'తడి' అనే రాసి ఆమె వెళ్ళిపోయింది.

ఆడవాళ్ళతో వాదించకూడదని ధర్మలింగం గారి సిద్ధాంతం. వాదించి ఓడిపోయిన ప్రతిసారీ అది గుర్తొచ్చేది. ఆయన నేరుగా చలపతి దగ్గరికి వెళ్ళారు. జమ్ముమడుగు సంగతి చూడమంటే చలపతి దాన్ని చెరిపేయబోయాడు.

"చెరపకు. ఏనుగులు లెక్కపెడతాయి. నూట పద్నాలుగూ ఉండాలి. కాస్త పక్కకి జరుపు, చాలు."

తూర్పున ఆరువందల అడుగుల అవతల ఎవరికీ అక్కర్లేని రాతి గుట్ట ఉంది. మడుగు గుట్ట మీద ఉంటే మాత్రం ఏం, నీలం రంగు నీలం రంగే కదా అన్నారు.

ఇలాంటప్పుడు ముందు జరపవలసిన ఆ ఒక్క గీతని పట్టుకుని, తరువాత లాగాలి. ఆ పాఠం చెప్పిన రోజు కాలేజీ కిటికీ మూసి ఉంది. చలపతి నీళ్ళ పొర మొత్తాన్ని పట్టుకుని ఆరువందల అడుగులు తూర్పుకి లాగాడు. తెర మీద జమ్ముమడుగు ఒక్కటే పెద్దదిగా కనిపిస్తోంది కాబట్టి, దానితో పాటు మిగతా నూట పదమూడూ జరిగిన సంగతి ఇద్దరూ గమనించలేదు. అడుగున గద్ద బొమ్మ ఉంటే తేడా తెలిసేది. దాన్ని ధర్మలింగం గారు ముందే దాయించారు. మ్యాపు చాలా శుభ్రంగా వచ్చింది.

ఆవిష్కరణ సభ ఘనంగా జరిగింది. సింహం గారు మ్యాపుని గెజిట్‌లో అచ్చు వేయించి, సంతకం పెట్టి విడుదల చేశారు. ధర్మలింగం గారికి శాలువా కప్పారు. చలపతికి జ్ఞాపిక ఇచ్చారు. మాణిక్యాంబకి జ్యోతి వెలిగించేటప్పుడు పళ్ళెం పట్టుకునే పని ఇచ్చారు. వక్తలందరూ అడవిలో స్త్రీల పాత్రని కొనియాడారు.

పళ్ళెం దించాక ఆమె మ్యాపు దగ్గరికి వెళ్ళి చూసింది. జమ్ముమడుగు ఉండవలసిన చోట తెల్లగా ఉంది. మిగతావీ చూసింది. ఏడాదంతా చుట్టూ తిరిగిన ఆకారాలు కదా, ఒక్కొక్కటీ కళ్ళు మూసుకుని గుర్తుపట్టగలదు. ఏదీ దాని చోట లేదు. ఆమె ధర్మలింగం గారి దగ్గరికి వెళ్ళి, "సార్, జమ్ముమడుగు ఒక్కటే కాదు," అని మొదలుపెట్టింది.

"మళ్ళీ జమ్ముమడుగేనా?" అని ఆయన అక్కడే ఆపేశారు. "గెజిట్ అయిపోయిందమ్మా. ఇక అచ్చులో ఉన్నదే నిజం. నేలకీ మ్యాపుకీ తేడా ఉంటే తప్పు నేలది."

ఈ మాట ఆయన పదిమంది ముందు అన్నారు. మాణిక్యాంబ ఒకటికి రెండుసార్లు అడిగి నిర్ధారించుకుంది. ఆయన రెండుసార్లూ అదే చెప్పారు. రెండోసారి చప్పట్లు కూడా పడ్డాయి.

మర్నాడు అడవిపందులు జమ్ముమడుగులోకి మట్టి తోయడం మొదలుపెట్టాయి. విశ్రాంతి భవనం పని వాటికే అప్పగించారు. పడమటి వైపు నుంచి పూడ్చుకుంటూ వస్తున్నాయి, వారం తిరిగేసరికి తూర్పు గట్టుకి చేరతాయి. తొలకరి మబ్బు అప్పటికే కొండ వెనక నిలబడి ఉంది. మిగతా ఆడ తాబేళ్ళు మాణిక్యాంబ చుట్టూ చేరి, వెళ్ళి ఏడ్చి చెప్పుకుందాం పదమన్నాయి. ఏడుపు చెల్లుతుందని చట్టంలో ఎక్కడా లేదని ఆమె అంది.

చట్టంలో ఉన్నది వేరు. గెజిట్ వచ్చిన మూడు రోజుల్లో, మ్యాపు ప్రకారం చిత్తడి నేలలన్నిటి చుట్టూ నీలం జెండాలు పాతాలి. ఆ పని క్షేత్ర పరిశీలకురాలిది. మాణిక్యాంబ తోటి తాబేళ్ళకి తలా కొన్ని జెండాలిచ్చింది. తాను యంత్రం మెడలో కట్టుకుని బయలుదేరింది.

మ్యాపు ప్రకారం పాముకుంట వచ్చి భూముల కార్యాలయం మీద పడింది. మాణిక్యాంబ లోపలికి వెళ్ళి, ధర్మలింగం గారు లేని సమయం చూసి కాదు, ఉన్న సమయం చూసి, ఆయన్ని కాస్త కాలు తియ్యమని అడిగి కుర్చీ పక్కనే జెండా పాతింది. సభా మందిరంలో మూడు పాతింది. పెద్దచెరువు వచ్చి సింహం గుహ మీద పడింది. అక్కడ చుట్టూ పద్నాలుగు పాతింది.

సింహం గారు గర్జించారు. ఆడసింహం బయటికి వచ్చింది. వేట తనది, పిల్లల పెంపకం తనది, గర్జన మాత్రం ఆయనది. గెజిట్ తీసుకుని చదివి, "సంతకం మీదేగా," అంది. పిల్లల్ని నోట కరుచుకుని అటుపక్క రాతి మీదికి మకాం మార్చేసింది. ఆయన కూడా వెళ్ళక తప్పలేదు.

సాయంత్రానికి మొసలి వీరభద్రం గెజిట్ కాపీ పట్టుకుని కార్యాలయానికి వచ్చాడు. చదువుకున్నవాడు. ధర్మలింగం గారి కుర్చీ చూసి, ఇది పాముకుంట నడిబొడ్డు కాబట్టి తనకి కేటాయించినట్టే లెక్క అని, అందులో పడుకున్నాడు.

"ఇక్కడ నీళ్ళేవయ్యా?" అన్నారు ధర్మలింగం గారు, గోడకి ఆనుకుని.

"ఆ సంగతి నాకు తెలియదు బాబూ. నేను కింద చూసేవాణ్ణి కాదు. అచ్చులో ఉన్నది నమ్మేవాణ్ణి," అన్నాడు వీరభద్రం, నోరు తెరిచే ఉంచి.

సిబ్బంది మాత్రం తొందరగానే సర్దుకున్నారు. జింక గుమాస్తాలు గడప దాటేటప్పుడు నీళ్ళలోకి దిగినట్టు ఒక్కో కాలూ పైకెత్తి దిగడం మొదలుపెట్టారు. నెమలి సూపరింటెండెంటు పింఛం తడవకుండా ఎత్తి పట్టుకుని ఫైళ్ళు చూశాడు. ఒక కుందేలు ఈత రాదని సెలవు పెట్టింది, మంజూరైంది కూడా. ఎదుటివాళ్ళు నీళ్ళలో నడుస్తుంటే నేను పొడి నేల మీద నడిస్తే అధికారులు ఏమనుకుంటారోనని ప్రతివారికీ భయం.

జెండాలు పాతిన మూడో రోజు సింహం గారు ధర్మలింగం గారిని పిలిపించారు. ఏం మాట్లాడుకున్నారో తెలియదు గానీ, ఆయన తోక ఒక పక్కకి వంగి వచ్చింది. వస్తూనే మాణిక్యాంబని వరండాలోకి పిలిచి కుర్చీ వేయించారు. పందొమ్మిదేళ్ళలో మొదటి కుర్చీ. తాబేలు కుర్చీ ఎక్కలేదని ఆయనకి తట్టలేదు.

"మాణిక్యాంబ గారూ, ఈ దిద్దుబాటు కాగితం మీద ఒక్క సంతకం పెట్టండమ్మా. మ్యాపులో ఏది మార్చాలన్నా నేల మీద చూసినవారి సంతకం కావాలట. ఆ గడిలో మీ పేరుంది. నూట పదమూడూ ఎక్కడివక్కడికి వెళ్ళిపోతాయి. చలపతి ఒక్కోదాన్నే పట్టుకోవడం నేర్చుకున్నాడు."

"నూట పద్నాలుగోది?"

"అది గుట్ట మీద బాగానే ఉంది కదా. ఉండనీ." ఆయన గొంతు తగ్గించారు. "మీ ఉద్యోగం పర్మనెంటు చేయిస్తాను. ఆ భర్త పేరు గడి సంగతి నాకొదిలేయండి, ఏదో ఒక పేరు నేనే వేస్తాను. పర్మనెంటు అయితే ప్రసూతి సెలవు కూడా ఉంటుంది."

పందొమ్మిదేళ్ళు చిన్న మాట కాదు. మాణిక్యాంబ మెడలోని యంత్రం తాడు ఒరుసుకుని అక్కడ చర్మం కాయ కాసింది. మడుగు వైపు నుంచి పందులు మట్టి తోస్తున్న చప్పుడు వరండా దాకా వినిపిస్తోంది. ఇంకో రెండు రోజుల పని.

"గుడ్లు పెట్టుకోవడానికి సెలవిస్తారు, చోటు మాత్రం ఇవ్వరు," అంది ఆమె. "సంతకం కుదరదు సార్. ఇది పాముకుంట అని జెండా పాతి మొన్ననే సంతకం పెట్టాను. ఇవాళ కాదంటే అబద్ధం రాశానని మీరే మెమో ఇస్తారు."

"ఇది కుంట కాదని నీకు తెలియదా?" గౌరవం ఆయన నోట అంతసేపే నిలిచింది.

"నేల మీద చూస్తే తెలుస్తుంది సార్. కానీ నేల మీద చూసింది చెల్లదన్నారు. అంత అవసరమైతే మ్యాపు మొత్తం రద్దు చేసుకోండి. దానికి నా సంతకం అక్కర్లేదు. రాజావారిది చాలు."

మ్యాపు రద్దయితే దాని మీద ఆధారపడిన ఉత్తర్వులన్నీ రద్దవుతాయి. విశ్రాంతి భవనం ఉత్తర్వు కూడా అందులోదే. ధర్మలింగం గారు ఆ సంగతి సింహం గారికి చెప్పకుండా ఇంకో రోజు నెట్టుకొద్దామనుకున్నారు. కానీ తెల్లారేసరికి తొలకరి పడింది. రాతి మీద కప్పు లేదు. తడిసిన జూలుతో సింహం గారు పడుకున్నవారు పడుకున్నట్టే గెజిట్ రద్దు చేశారు. వీరభద్రం కుర్చీ దిగి, రశీదు తీసుకుని, ఏటికి వెళ్ళిపోయాడు.

ఏనుగుల దగ్గరున్న పాత రికార్డు మళ్ళీ అమల్లోకి వచ్చింది. అందులో జమ్ముమడుగు జమ్ముమడుగే. పందులు తూర్పు గట్టుకి ఇరవై అడుగుల దూరంలో ఆగిపోయాయి. తోసిన మట్టిని మళ్ళీ తీసే పని కూడా వాటికే ఇచ్చారు.

చలపతిని పై చదువుకి పట్నం పంపారు, ఈసారి వేరే కిటికీకి. మ్యాపులో తప్పు ఎలా జరిగిందో తేల్చడానికి ఏకసభ్య సంఘం వేశారు. ఆ ఒక్క సభ్యుడూ ధర్మలింగం గారే. క్షేత్ర సిబ్బంది మొండితనమే కారణమని ఆయన నలభై పేజీల నివేదిక ఇచ్చారు.

నీతి: నిజం చెప్పే ఆడదాని నోరు మూయించడం తేలికే, ఆ తరువాత ఆమె మీ అబద్ధాన్ని అక్షరం పొల్లుపోకుండా అమలు చేయకుండా చూసుకోవడమే కష్టం.

మాణిక్యాంబ ఆ వానాకాలం తూర్పు గట్టున పదకొండు గుడ్లు పెట్టింది, దసరా లోపల ఉద్యోగం మానేసింది.