చేపలెన్ని, మాస్టారూ?

ఆ రోజు పొద్దున్న అల్లుడు వేసుకున్న పథకం చాలా చిన్నది. కొట్టు తెరవాలి, అద్దాలు తుడవాలి, తొట్టిలో చేపలకి చిటికెడు మేత వెయ్యాలి, బుద్ధిగా కూర్చోవాలి. మామగారు ఊళ్ళో లేరు. పెద్దకూతురు ఇల్లు కడుతుంటే దగ్గరుండి చూసుకోవడానికి వెళ్ళారు. వెళ్తూ వెళ్తూ కళ్ళజోళ్ళ కొట్టు తాళంచెవి అల్లుడి చేతిలో పెట్టి, "నేనొచ్చేసరికి కొట్టు ఎలా ఉన్నది అలా ఉంటే ఇది నీకే. తేడా వచ్చిందా, మళ్ళీ నా జేబులోకే" అన్నారు. ఏళ్ళ తరబడి ఆయన పక్కన నిలబడి ఫ్రేములు తుడుస్తున్న అల్లుడికి ఆ తాళంచెవి మీద ఉన్న ఆశ ఇంతా అంతా కాదు.

ఆ కొట్టుకో పద్ధతి ఉంది. ఎవరు కొత్త కళ్ళజోడు పెట్టుకున్నా మామగారు వాళ్ళని గాజుతొట్టి ముందు కూర్చోబెట్టి, "చేపలెన్ని?" అని అడిగేవారు. "ఎనిమిది" అంటే జోడు కుదిరినట్టే. ఆ తొట్టిలో చేపలు ఎప్పుడూ ఎనిమిదే, మహా అయితే ఒకటి అటూ ఇటూ.

అల్లుడు మేత వేస్తుండగానే ఓ చేప కడుపులోంచి గింజంత పిల్లలు వరసగా ఊడిపడ్డాయి. అది గుడ్లు పెట్టే జాతి కాదు, నేరుగా పిల్లల్నే కనే జాతి. అతను ముచ్చటపడేలోపే పక్కచేప ఓ పిల్లని గుటుక్కున మింగింది. తల్లి ఇంకోదాన్ని మింగింది.

"ఓసి పాపిష్టిదానా! కన్నతల్లివేనా నువ్వు?" అంటూ అతను టీ వడకట్టే జాలీతో మిగిలినవాటిని సీసాలోకి దాటించాడు. ఆకలికే వీటికి ఈ బుద్ధి పుట్టిందనుకుని రోజూ గుప్పెడు మేత వేశాడు. పిల్లలు దాక్కోవడానికి నాచు కూడా తెచ్చి వేశాడు. సీసాలోవి ఏపుగా ఎదిగి తొట్టిలోకి వచ్చాయి. వచ్చి ఊరుకుంటాయా? అవీ కన్నాయి. కొట్టులో సీసాలు చాలక సంతానం ఇంటికి చేరింది.

"ఏమండీ, బకెట్లన్నీ వీటికిచ్చేస్తే నేను స్నానం దేంట్లో చెయ్యను?" అంది భార్య.

"కాస్త సర్దుకోవే. పసివాళ్ళు."

"పసివాళ్ళా? నిన్నటి పసిదానికి ఇవాళ కడుపు!"

ఇంతలో రిటైరైన లెక్కల మాస్టారు కొత్త జోడు పెట్టుకుని తొట్టి ముందు కూర్చున్నారు.

"చేపలెన్ని, మాస్టారూ?"

"నలభై ఎనిమిది."

"సరిగ్గా చూడండి."

"చూశానయ్యా! ఈ కొట్టులో ముప్ఫయ్యేళ్ళుగా ఎనిమిదే లెక్కపెట్టాను. నీ జోడు ఒక్కోదాన్ని ఆరేసి చూపిస్తోంది. మార్చు!"

జోడు బాగానే ఉందని చెప్పాలంటే చేపలు పెరిగాయని ఒప్పుకోవాలి. ఆ మాట మామగారి చెవిన పడితే తాళంచెవి గోవిందా. అందుకని అల్లుడు అద్దాలు మార్చాడు, మళ్ళీ మార్చాడు. చివరికి తొట్టంతా అలుక్కుపోయి రంగుల ముద్దలుగా కనబడింది.

"ఆఁ! ఇప్పుడు ఎనిమిది. చూశావా, నే చెప్పలే?" అని మాస్టారు సంతోషంగా లేచి, గోడకి నమస్కారం పెట్టి వెళ్ళిపోయారు. ఆ సాయంత్రం ఆయన పక్కింట్లోకి దూరి, కాళ్ళు చాపుకుని కాఫీ తెమ్మని కేకేశారట. వారం తిరక్కుండా ఆ కొట్టు జోడు పెడితే ఒకటి ఆరవుతుందని కొందరూ, సొంత ఇల్లు మాయమవుతుందని కొందరూ జోళ్ళు పట్టుకుని వెనక్కొచ్చారు.

ఆ గోల విని మామగారు ఇల్లు సగంలో వదిలేసి వచ్చిపడ్డారు. తిన్నగా తొట్టి దగ్గరికెళ్ళారు. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూసి, కుర్చీలో కూలబడ్డారు.

"అల్లుడూ, నా కళ్ళు పోయాయోయ్. ఇంక ఈ కొట్టు నా వల్ల కాదు. తాళం నువ్వే ఉంచుకో."

నోరు మూసుకుంటే చాలు, కొట్టు తనదే. కానీ ముసలాయన జోడు మడిచి పక్కన పెట్టేస్తుంటే అతనికి ప్రాణం ఒప్పలేదు.

"మీ కళ్ళకేం కాలేదు మామయ్యగారూ. అవి నిజంగానే అన్ని ఉన్నాయి" అని మొదటినుంచీ చెప్పేశాడు.

మామగారికి ప్రాణం లేచొచ్చింది, వెంటనే కోపమూ వచ్చింది. "ఎనిమిది నేను పెట్టిన లెక్కనుకున్నావా? ఆ తొట్టి పెట్టింది, ఆ చిటికెడు మేత పెట్టింది. అవి నెలనెలా కంటూనే ఉంటాయి. పట్టినన్ని మిగుల్తాయి, అంతే. నువ్వు జాలితో తొట్టిని ఇంటిదాకా పెంచావు!" అని తాళంచెవి లాక్కున్నారు. "తొట్టిలో ఎనిమిదే మిగలాలి. అప్పుడడుగు."

వాటిని మళ్ళీ తల్లుల నోటికి వదలడానికి అల్లుడికి మనసొప్పలేదు. రాత్రంతా ఆలోచించి, మర్నాడు కొట్టు బయట బోర్డు పెట్టాడు: పాత జోడు సరిచేయించుకున్న ప్రతివారికీ చేపల జత ఉచితం. జనం ఎగబడ్డారు. మాస్టారు రెండు జతలు పట్టుకెళ్ళారు. సాయంత్రానికి తొట్టిలో ఎనిమిది, ఇంట్లో బకెట్లు ఖాళీ, తాళంచెవి అల్లుడి జేబులో.

ఆ తర్వాత కొట్టుకి కళ్ళజోడు ఒక్కటీ వెనక్కి రాలేదు గానీ, మూడో నెలనుంచి చేపపిల్లల సీసాలు రావడం మొదలైంది.