పిస్తా రంగు చీర పిల్ల

పెళ్ళికూతురి చుట్టూ తిరిగే అక్కచెల్లెళ్ళందరూ ఒకే రంగు చీర కట్టుకోవడం మన సమాజానికి దక్కిన గొప్ప వరం! కాదన్నవారితో ఎక్కడైనా, ఎప్పుడైనా వాదించడానికి నేను సిద్ధం.

మీరే ఆలోచించండి. ఎవరి చీర బాగుంది, ఎవరిది బాగాలేదు అన్న పేచీ ఉందా? లేదు. జనంలో తప్పిపోయిన పసివాడు ఏ కొంగు పట్టుకున్నా ఫరవాలేదు, ఎవరో ఒక పిన్ని ఎత్తుకుంటుంది. ఆల్బమ్‌లో మీరు కళ్ళు మూసుకున్నారా? పక్కమ్మాయిని చూసుకుని తృప్తి పడండి! సమానత్వం, సమానత్వం అని పెద్దలు మైకులు పట్టుకుని అరుస్తారు కదా, అది ఇంతకంటే ఎక్కడుంది?

ఈమధ్య మనం ఇంకో మెట్టు ఎక్కాం. ఒక్కరోజు కట్టి బీరువాలో పడేసే చీర పనికిరాదట, మళ్ళీ మళ్ళీ కట్టుకునేది కావాలట. ఇబ్రహీంపట్నంలో సాయిశ్రీ పెళ్ళి కుదరగానే అక్కచెల్లెళ్ళ వాట్సాప్ గ్రూపులో మొదలైన చర్చ ఇదే. అక్కడ రంగుల మీద సాగిన పోటీ ముందు బాలాపూర్ వినాయకుడి లడ్డూ వేలంపాట కూడా చిన్నబోతుంది. చివరికి పెళ్ళికూతురే తేల్చేసింది. అందరికీ పిస్తా రంగు, సన్న అంచు, చీర మీద ఒక్క పువ్వు కూడా లేకుండా.

“గిది ఆఫీసుకు కట్టొచ్చు, బోనాలకు కట్టొచ్చు, జాకెట్ మారిస్తే రిసెప్షన్‌కు గూడ కట్టొచ్చు అక్కా,” అని తన పెద్దనాన్న కూతురు నందినికి ఫోన్‌లో చెప్పింది.

నందిని మీర్‌పేట్‌లో ఒక ప్రైవేటు బడిలో లెక్కలు చెబుతుంది. ఆ పెళ్ళి కోసమని ఆమె అప్పటికే ఎరుపూ నలుపూ కలిసిన పోచంపల్లి చీర ముచ్చటపడి కొనుక్కుంది. దాన్ని నోరెత్తకుండా మళ్ళీ మడతపెట్టేసింది. చెల్లెలి పెళ్ళి, చెల్లెలి ఇష్టం.

అయితే ఆ పెళ్ళిలో నందినికి సొంత పని కూడా ఒకటుంది. మహేశ్వరం నుంచి దివాకర్ అనే అబ్బాయి, వాళ్ళమ్మ రేణుక అక్కడికే వచ్చి ఆమెను చూసిపోవాలి. ఇంట్లో పెళ్ళిచూపులు వద్దన్నది నందినే. కిందటి సంబంధంవాళ్ళు ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి, ఎగాదిగా చూసి, పలహారం తిని, ఒక్క మాటైనా అడగకుండా వెళ్ళిపోయారు. ఆ బాధ ఆమెకింకా పోలేదు.

“ఈసారి నేను నవ్వుకుంట, మాట్లాడుకుంట తిరుగుతుంటే చూడమను అమ్మా. గట్ల నచ్చితెనే నచ్చినట్టు,” అంది. మనిషిని మనిషిగా చూడాలని తప్ప ఆమెకు వేరే కోరిక లేదు.

తల్లి అనంతమ్మ సరేనంది. పెళ్ళిళ్ళలో పిల్లను గుట్టుగా చూసిపోవడం మనకు కొత్త కాదు, గుర్తుకు చీర రంగు చెబితే చాలు. టైలరు దగ్గర్నుంచి చీరా జాకెట్టూ రాగానే అనంతమ్మ మురిసిపోయి రేణుకకు ఫోన్ కొట్టింది.

“వదినా, మా పిల్ల పిస్తా రంగు చీర కట్టుకుంటది. మస్తు అల్కగ గుర్తుపడ్తరు.”

డ్రెస్ కోడ్ అనేదొకటి ఉందని పాపం అనంతమ్మకు ఎవరూ చెప్పలేదు.

సాగర్ రోడ్డు పక్కన ఫంక్షన్ హాల్లోకి రేణుక అడుగు పెట్టగానే ఒక పిస్తా రంగు ఆమె మీద పన్నీరు చల్లింది. ఇంకో పిస్తా రంగు బొట్టు పెట్టింది. స్టేజీ మీద రెండు, సెల్ఫీ దిగుతూ ఒకటి, ఐస్‌క్రీమ్ దగ్గర మరొకటి! రేణుకకు కళ్ళు తిరిగాయి. దివాకర్ మాత్రం ఏ కంగారూ లేకుండా భోజనానికి కూర్చున్నాడు.

నందిని నవ్వింది, మాట్లాడింది, పెద్దవాళ్ళకు మజ్జిగ అందించింది. ధైర్యం చేసి దివాకర్ ముందునుంచి కావాలనే నడిచింది. అతడు తలెత్తి చూశాడు.

“జర ఇటు పెరుగు పంపిస్తరా?” అన్నాడు.

పంపించింది కూడా!

మర్నాడు రేణుక ఫోన్ చేసింది. అనంతమ్మ ఆత్రంగా స్పీకర్ పెట్టింది.

“పిల్ల నచ్చింది వదినా. గా పిస్తా రంగు చీరల లచ్చిమి తీరుగ ఉన్నది.”

“ఏ పిల్ల వదినా? గా రంగు ఆరుగురు కట్టిండ్రు గదా!” అంది అనంతమ్మ. పెళ్ళిలో చూశాక ఆమెకు విషయం బోధపడింది.

అవతల రేణుక గొంతు సవరించుకుంది.

“అందరు మంచిగనే ఉన్నరు వదినా. గా ఆరుగురిల మీ పిల్ల ఏదైతే, మాకు గదే నచ్చింది అనుకో.”

చూశారా పాఠకులారా! చీరే కాదు, కోడలు కూడా ఎవరైనా సరిపోతుందని తేలిపోయింది. ఇంత గొప్ప సంగతి బయటపెట్టిన డ్రెస్ కోడ్‌ను ఎవరైనా తిడతారా? నందిని పోచంపల్లి కట్టుకుని వెళ్ళినా వాళ్ళు చూసేది పోచంపల్లినే. కుర్చీలో కూర్చున్నప్పుడు కనపడని మనిషి, ఎదురుగా నడిచినప్పుడూ వాళ్ళకు కనపడలేదు. అందులో పిస్తా రంగు తప్పేముంది?

నందినికి ముందు ఒళ్ళు మండింది. తర్వాత నవ్వొచ్చింది. తల్లి చేతిలోంచి ఫోన్ తీసుకుంది.

“అత్తమ్మా, మీకు నచ్చిన చీర ఇస్త్రీ చేసి పంపిస్త. నేనైతే రాను.”