మాదిరి టెలిగ్రాం

ఆ రోజు పొద్దున్న పద్మకుమారి వేసుకున్న పథకం చాలా చిన్నది. మామగారు జగన్నాధం ఎడ్ల బేరానికి తొలి బస్సులో శృంగవరపుకోట సంతకు వెళ్ళారు. ఆయన తిరిగొచ్చేలోగా ఇంగ్లీషు పరీక్ష గైడు మొత్తం కంఠస్థం చెయ్యాలి. మర్నాడు పుట్టింటికని చెప్పి భర్త గణపతిరావుతో విజయనగరం వెళ్ళి, టెలిఫోన్ ఆపరేటరు ఉద్యోగానికి పరీక్ష రాసి రావాలి.

ఈ సంగతి మామగారికి తెలియకూడదు. ఆయనకు కోడలి మీద కోపం లేదు, ఇంగ్లీషు మీద ఉంది. మూడేళ్ళ కిందట పొందూరులో ఉన్న అక్క తాయారు, తన కూతురి పెళ్ళికి రావద్దని ఇంగ్లీషులో టెలిగ్రాం కొట్టింది. అప్పటికే కొత్త పంచె కట్టుకుని, పెట్టెలు బండికెక్కించి, అరిసెల బుట్ట ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడాయన. ఆ అరిసెలు ఊరంతా పంచేశాడు. అక్కతో మాటలు మానేశాడు. ఇంట్లో ఇంగ్లీషు ముక్క వినబడకూడదన్నాడు.

అందుకని పద్మకుమారి గైడు పట్టుకుని పెరట్లోకి వెళ్ళింది. తండ్రి మరణవార్త తెలుపుతూ టెలిగ్రాం రాయమని ఒక మాదిరి ప్రశ్న ఉంది. జవాబు కిందే అచ్చేసి ఉంది. పడిశం పట్టి గొంతు పూడుకుపోయినా, ఆమె అటూ ఇటూ నడుస్తూ వల్లె వేసింది.

"ఫాదర్ ఎక్స్‌పైర్డ్. స్టార్ట్ ఇమ్మీడియెట్లీ. ఫాదర్ ఎక్స్‌పైర్డ్..."

గోడకు అవతల ఎల్లాజీ వేపపుల్ల నములుతున్నాడు. ఖరగ్‌పూర్ రైల్వేలో పనిచేసి వచ్చిన మనిషి కాబట్టి ఊళ్ళోకి ఏ టెలిగ్రాం వచ్చినా ఆయనే చదివి పెట్టాలి. వచ్చేవన్నీ దాదాపు చావు కబుర్లే. ఇంగ్లీషులో తక్కిన మాటల మాటెలా ఉన్నా, ఈ నాలుగు మాటలూ ఆయనకు బాగా వచ్చు. ఫాదరంటే తండ్రి. ఆ పిల్ల కన్నతండ్రి ఎప్పుడో పోయాడు. ఇక మిగిలింది జగన్నాధమే.

ఎల్లాజీ నోట్లోంచి పుల్ల జారిపోయింది.

"ఎక్కడమ్మా?" అన్నాడు గోడ మీంచి తొంగిచూసి.

పద్మకుమారి ఉలిక్కిపడింది. పరీక్ష సంగతి ఈయనకెలా తెలిసిందో! "విజయనగరంలో, మావా."

పెద్దాసుపత్రిలో పోయాడన్నమాట అనుకున్నాడు ఎల్లాజీ. "మరి ఎప్పుడనుకుంతన్నారు?"

"రేపు పదింటికి. ఎవరికీ సెప్పకు మావా, నీకు దండం పెడతాను." ఆమె కొంగుతో ముక్కు తుడుచుకుంది.

"పిచ్చితల్లి! మతి పోయినట్టున్నాది," అనుకుని ఎల్లాజీ సైకిలెక్కాడు. బొబ్బిలి పోస్టాఫీసుకు వెళ్ళి, తాను విన్న టెలిగ్రాంలో ఫాదర్ని బ్రదర్‌గా మార్చి పొందూరుకు కొట్టించాడు. అటునుంచి గణపతిరావు గుమాస్తాగా పనిచేసే పంచాయతీ సమితి ఆఫీసుకు వెళ్ళాడు.

గణపతిరావు చెప్పులు కూడా తొడుక్కోకుండా ఇంటికి పరుగెత్తాడు. "నాన్న మనకి లేడే!" అని గుమ్మంలోనే కూలబడ్డాడు.

"పొద్దున్న బాగానే ఎల్లారు గదండీ!" అని పద్మకుమారి గొల్లుమంది.

కబురు ఆఫీసుకు వచ్చిందని ఆమె అనుకుంది. ఇంటికి వచ్చిందని అతను అనుకున్నాడు. ఏడుస్తున్న మనిషిని ఎలా తెలిసిందని అడగడం బాగుండదని ఇద్దరూ అడగలేదు. వాళ్ళిద్దర్నీ చూశాక ఎల్లాజీకి ఉన్న కాస్త అనుమానమూ తీరిపోయింది. విజయనగరం నుంచి లారీలో తెస్తారు, రోడ్డు దాకా బండి పంపాలి అన్నాడు. ఎవరు తెస్తారో ఎవరికీ తెలియదు. పాలేరు ఎర్రన్న బండిలో గడ్డి పరిచి, కొత్త తెల్లగుడ్డ వేసి, కళ్ళు తుడుచుకుంటూ వెళ్ళాడు.

పొద్దు వాలుతుండగా జగన్నాధం బస్సు దిగాడు. ఎడ్ల బేరం కుదరలేదు. కాళ్ళు పీకుతున్నాయి. ఎదురుగా సొంత బండి, మెత్తటి గడ్డి, తెల్లటి దుప్పటి.

"ఒరే ఎర్రన్నా, బండి నాకోసమేనేట్రా?"

"మీ... మీకోసమే బాబూ," అన్నాడు ఎర్రన్న. అది నిజమే.

"ఇన్నాల్లకి మా ఇంట్లో ఒకడికి బుద్ధొచ్చినాది," అంటూ జగన్నాధం బండెక్కి పడుకుని, దుమ్ము పడకుండా గుడ్డ మొహం మీదికి లాక్కున్నాడు. ఎర్రన్న వెనక్కి తిరిగి చూడకుండా ఎడ్లను పరుగెత్తించాడు.

బండి వాకిట్లోకి రాగానే ఏడుపులు ఆకాశాన్నంటాయి. అప్పుడే పొందూరు నుంచి వచ్చిన తాయారు బండి మీద పడిపోయింది.

"తమ్ముడా! మూడేల్లు మాటాడకుండా ఉండి, ఇప్పుడు మాటాడకుండానే ఎల్లిపోనావేట్రా!"

"నువ్వెప్పుడొచ్చావప్పా? ఎవరు పోనారు?" అంది గుడ్డ.

సగం మంది గోడ దూకారు. మిగతా సగం ఉన్నచోటే కూలబడ్డారు. జగన్నాధం లేచి కూర్చుని, ఇంత జనాన్ని చూసి తనకూ దుఃఖం ఆగక, "ఎవరర్రా పోయింది? సెప్పరేటి?" అని ఏడవడం మొదలుపెట్టాడు.

సంగతి తేలడానికి చాలాసేపు పట్టింది. అందరూ ఎల్లాజీని చూపించారు. ఎల్లాజీ పద్మకుమారిని చూపించాడు. "కోడలే సెప్పినాది, ఇంగిలీసులో!"

పద్మకుమారి గైడు తెచ్చి ఆ పేజీ చూపించింది. "పరీక్షకి సదువుతన్నాను మావయ్యా. నిజం టెలిగ్రాం కాదు, మాదిరిది."

జగన్నాధం మొహం ఎర్రబడింది. "సూసావా అప్పా! ఈ ఇంగిలీసు నన్ను రెండుసార్లు సంపినాది. అప్పుడు నువ్వు పెళ్లికి రావొద్దని కొట్టించావు. ఇప్పుడేమో..."

"రావొద్దని నానెందుకంటాన్రా?" అంది తాయారు తెల్లబోయి. "పెళ్లికొడుకు తాత పోతే ముహూర్తం ఎనక్కెల్లింది. పెళ్లి పోస్టుపోన్డు, ఇప్పుడు బయల్దేరకు అని మాస్టారి సేత రాయించాను. ఎనకే ఉత్తరం రాస్తే విప్పకుండా తిప్పి పంపేసావు!"

వాకిలంతా ఎల్లాజీ వైపు తిరిగింది.

"బయల్దేరకన్నది సరిగ్గానే సదివాను," అన్నాడు ఎల్లాజీ గొంతు తగ్గించి. "ఆ పోస్టుపోన్డు అన్నది పోస్టాఫీసోల్ల గొడవనుకుని ఒగ్గేసాను."

జగన్నాధం అక్కవైపు చూడలేక, కోడలి చేతిలోని గైడు తీసుకుని తిరగేశాడు. అది పొయ్యిలోకే వెళుతుందని పద్మకుమారి కళ్ళు మూసుకుంది.

"పరీచ్చ ఎప్పుడు?" అన్నాడాయన.

"రేపు పదింటికి, మావయ్యా."

"మరి నిలబడి సూస్తావేటి? పోయి సదువుకో. మనింటికొచ్చిన టెలిగ్రాం మనమే సదువుకోవాల. లేకపోతే ఈ ఎల్లాజీ నన్ను మల్లీ సంపుతాడు." గైడు కోడలికిచ్చి అక్క చెయ్యి పట్టుకున్నాడు. "లోపలికి రా అప్పా. పొద్దుట్నుంచీ ఏటీ తినుండవు."

మర్నాడు ఆయనే దగ్గరుండి కోడల్ని పరీక్షకు తీసుకెళ్ళాడు. బస్సు ముందురోజు చావుకబురు విన్నవాళ్ళతో కిక్కిరిసి ఉంది. పద్మకుమారి ముందు ఆడవాళ్ళ సీట్లో కూర్చుని మాదిరి జవాబులు చదువుకుంది. మనుషులు మెట్ల మీద కూడా వేలాడారు గానీ, జగన్నాధం పక్క సీటు మాత్రం విజయనగరం దాకా ఖాళీగానే ఉంది.