తెల్లాపూర్‌లో పగిలిన గుమ్మడికాయ

ఆదివారం పొద్దున్నే గుమ్మడికాయ కొట్టి, ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుని, ఉప్మా తిని మ్యాచ్‌కు వెళ్ళాలన్నది సోమేశ్వరరావు వేసుకున్న ప్రణాళిక. అందులో వంక పెట్టడానికి ఏమీ లేదు. ఏడాదికోసారి చేసే పనే. కాని 1998లో ఆ రోజుకు చందానగర్‌లో మూడు దారులు కలిసే చోటు ఒక్కటీ మిగల్లేదని ఆయనకు తెలియదు. ఉద్యోగం రోడ్లు వేయించే సర్కారు ఆఫీసులోనే. అయితే ఆయనది జీతాల సెక్షను. ఏ రోడ్డు ఎటు పోతోందో ఆ సెక్షనుకు ఎవరూ చెప్పరు.

ఆఫీసు ఆయనకు బతుకుతెరువు. బతుకు మాత్రం చందానగర్ ఫుట్‌బాల్ క్లబ్బు. దానికి ఆయనే కార్యదర్శి. కుర్రాళ్ళు సాయంకాలాలు సరదాకు ఆడుకునే క్లబ్బు కాదది, ఆటగాళ్ళను నెలజీతాల మీద పెట్టుకున్న క్లబ్బు. జీతం ఆలస్యమైతే కావచ్చు, ఎగ్గొట్టడం మాత్రం లేదు. పక్కనే లింగంపల్లిలో ఇంకో క్లబ్బు. అదీ జీతాల క్లబ్బే. ఈ రెంటికీ ఉప్పూ నిప్పూ. చందానగర్ వాళ్ళు లింగంపల్లి స్టేషన్లో రైలెక్కాల్సి వస్తే ముఖం పక్కకు తిప్పుకుని టికెట్టు కొనేవారు. లింగంపల్లి పెళ్ళిళ్ళకు చందానగర్ బ్యాండు వెళ్ళేది కాదు.

ఇంత పగ ఉన్నా రెంటికీ మైదానం ఒకటే. అది బాలనర్సయ్యది. ఆయన కిందటి నెల రెండు క్లబ్బులవాళ్ళనూ పిలిపించి, "ఇద్దరితోని నాకు పరేషానైతుంది. గీసారి మ్యాచ్ ఎవలు గెలిస్తే వాళ్లకే కిరాయికిస్త. ఓడినోళ్లు వేరే జాగ చూస్కోండ్రి" అని తేల్చేశాడు. హైటెక్ సిటీ వస్తోందంటూ రాళ్ళగుట్టలు సైతం ప్లాట్లయిపోతున్న రోజులవి. చందానగర్ క్లబ్బుకు వేరే జాగా ఎక్కడ దొరుకుతుంది? మైదానం పోతే క్లబ్బు మూతపడుతుంది. ఆ మాట తలుచుకుంటే చాలు, సోమేశ్వరరావుకు ముద్ద దిగేది కాదు.

ఇక గుమ్మడికాయ సంగతి. లింగంపల్లితో మ్యాచ్ ఉన్న పొద్దున జట్టంతా ఆయన ఇంటి ముందు వరసగా నిలబడుతుంది. ఆయన భార్య అమ్మణ్ణి బూడిద గుమ్మడికాయకు కుంకుమ పూసి, మీద కర్పూరం వెలిగించి అందరికీ కలిపి దిష్టి తీస్తుంది. జట్టు మొత్తానికి నిమ్మకాయ ఏ మూలకు? ఆ కాయను ఇంటి యజమాని తీసుకెళ్ళి మూడు దారులు కలిసే చోట పగలగొట్టి రావాలి. దారిలో నోరు విప్పకూడదు. వెనక్కి తిరిగి చూడకూడదు. కాళ్ళు కడుక్కున్నాకే మాట. కొట్టకుండా కాయను వెనక్కి తెస్తే దిష్టిని చేజేతులా ఇంటికి తెచ్చుకున్నట్టే.

"కిందటేడు మీరు చేసిన నిర్వాకం గుర్తుందా?" అంది అమ్మణ్ణి, కాయను సంచిలో పెడుతూ.

"పాలవాడు ఎదురొచ్చి రేపు పాలు రావన్నాడు. ఎందుకురా అన్నాను. అంతేగా!"

"అంతేనట! చేతుల్లోకొచ్చిన బంతిని మన బాలు తనే గోల్లోకి తోసుకున్నాడు. ఈసారి కొంప తగలబడుతోందని ఎవరైనా చెప్పినా సరే, పెదవి కదిపారంటే ఒట్టే!"

బాలు వాళ్ళబ్బాయి. క్లబ్బు గోల్‌కీపరు. కిందటేటి మాట రాగానే తలొంచుకుని బూటుతాళ్ళు బిగించుకోవడం మొదలుపెట్టాడు. సోమేశ్వరరావు సంచి అందుకున్నాడు. సంచి చేతికొచ్చిందంటే మౌనం మొదలైనట్టే.

కాలనీ చివర మూడు దారుల కూడలి ఉండాలి. అక్కడ పెద్ద గొయ్యి ఉంది. హైటెక్ సిటీకి పోయే వాహనాల కోసం రోడ్డు వెడల్పు చేస్తున్నారట. మార్కెట్టు దగ్గరకు పోతే, హైవే మధ్యన కొత్తగా డివైడరు లేచి మూడో దారిని మూసేసింది. సొంత ఆఫీసు మీద ఆయనకు ఎన్నడూ లేనంత కోపం వచ్చింది. స్కూటరాపి ఎటు పోవాలా అని చూస్తుండగా ఎదురుగా బాలనర్సయ్య ప్రత్యక్షమయ్యాడు.

"ఏంది సాబ్, గింత పొద్దుగాల గీడ నిలవడ్డరు? మంచిగ దొరికిండ్రు తియ్. గా లింగంపల్లి చెన్నకేశవులు నిన్న ఇంటికొచ్చిండు. గెలిచినా ఓడినా మైదానం మాకే ఇయ్యి, కిరాయి ఎక్కువిస్త అంటుండు. మీకేమన్న అభ్యంతరమా?"

అభ్యంతరమా! సోమేశ్వరరావు గొంతుదాకా అభ్యంతరాలే వచ్చాయి. అమ్మణ్ణి ముఖం కళ్ళముందు మెదిలి వాటిని మింగేశాడు. నోటికేగాని తలకు నియమం లేదు కదా అని, ఇవ్వద్దు ఇవ్వద్దు అన్నట్టు తల అడ్డంగా గట్టిగా ఊపాడు.

"అభ్యంతరం లేదా? ఇయ్యమంటరా అయితే?"

అయ్యో, అభ్యంతరం ఉందయ్యా అని చెప్పడానికి కంగారుగా తల నిలువునా ఊపాడు. అది ఏ ప్రశ్నకు జవాబైందో ఊపిన తరవాతగాని ఆయనకు తట్టలేదు.

"మౌనం అర్ధాంగీకారమంటరు. మీరు తల్కాయ గూడ ఊపిండ్రు, ఇగ పూరా అంగీకారమే. గొప్ప మనసు సాబ్ మీది!" అని బాలనర్సయ్య దండం పెట్టి లింగంపల్లి వైపు సైకిలెక్కాడు.

సోమేశ్వరరావు చాలాసేపు స్కూటరు మీదే కూలబడిపోయాడు. ఇరవయ్యేళ్ళు కంటికి రెప్పలా కాచుకున్న క్లబ్బు రెండుసార్లు తలూపేసరికి పోయింది. ఇప్పుడు నోరు విప్పితే మ్యాచ్ పోతుంది. విప్పకపోతే మైదానం పోతుంది. ఈ పాడు కాయను ఎక్కడో ఒకచోట కొట్టి, కాళ్ళు కడుక్కుని, పరుగున పోయి బాలనర్సయ్య కాళ్ళు పట్టుకోవడమొక్కటే దారి. స్కూటరు లింగంపల్లికి తిప్పాడు. అక్కడ కూడలి భేషుగ్గా ఉంది. కాని సరిగ్గా ఎదుటి క్లబ్బు ఆఫీసు గుమ్మం ముందు ఉంది. శత్రువు గుమ్మంలో కుంకుమ పూసిన గుమ్మడికాయ కొడితే చేతబడి అంటారు. కాయతో పాటు తనకూ పగులుతుంది. ఆపకుండా పట్టాలు దాటి తెల్లాపూర్ దారి పట్టాడు.

ఆ సమయానికి క్లబ్బు ముందు టీ బండి దగ్గర చెన్నకేశవులు ఉన్నాడు. కడప వైపు మనిషి. భూముల వ్యాపారం చేస్తూ లింగంపల్లి క్లబ్బుకు అధ్యక్షుడయ్యాడు. బాలనర్సయ్య అప్పుడే వచ్చి శుభవార్త చెప్పాడు. అది వినగానే చెన్నకేశవులు గ్లాసు కింద పెట్టి అన్న మాట తరవాత ఊరంతా చెప్పుకున్నారు: "ఒక్క త్రో కోసం అరగంట కొట్లాడే మనిషి మైదానం ఊరికే వదిలేస్తాడా? ఇందులో ఏందో ఉండాదప్పా." సరిగ్గా అప్పుడే సోమేశ్వరరావు స్కూటరు ముందు నుంచి దూసుకుపోయింది. కాళ్ళ దగ్గర బరువైన సంచి.

"రావు సార్! ఓ రావు సార్! యాడికి?"

సోమేశ్వరరావు తిరిగి చూడలేదు. వెనక మోటారుసైకిలు మోత వినబడి, చూపు తనంతట తాను స్కూటరు అద్దం మీదికి పోయింది. అద్దం నిండా చెన్నకేశవులు. ఆయన చప్పున చూపు మరల్చుకున్నాడు. అద్దంలో చూడటం వెనక్కి చూడటం కిందికి వస్తుందా? పెద్దలు ఈ నియమం పెట్టిన నాటికి స్కూటర్లు లేవు. రాదులే అని తనకు తానే సర్దిచెప్పుకున్నాడు.

తెల్లాపూర్‌లో అప్పటికి రాళ్ళు, తుమ్మచెట్లు, అక్కడక్కడ జొన్నచేలు. వాటి మధ్య మూడు బండిబాటలు కలిసే చోటు ఒకటి భగవంతుడు చూపించాడు. సోమేశ్వరరావు ప్రాణం లేచొచ్చింది. తూర్పుకు తిరిగి, సంచిలోంచి కాయ తీసి, ఎత్తి కొట్టాడు. ఎర్రగా కుంకుమ చిందింది.

వెనక మోటారుసైకిలు ఆగింది. చెన్నకేశవులు దిగి వచ్చి పగిలిన కాయను చూశాడు, కుంకుమను చూశాడు, చుట్టూ ఉన్న ఖాళీ నేలను చూశాడు. ప్లాట్లు అమ్మి అమ్మి ఆరితేరిన ఆ కళ్ళకు ఖాళీ నేల మీద పగిలిన గుమ్మడికాయ ఒక్కటే చెబుతుంది.

"భూమిపూజనా సార్?" అన్నాడు గొంతు తగ్గించి. "ఎవురికీ చెప్పకుండా చేసుకుంటాండారే! మీ ఆఫీసులో మ్యాపులు చూసినారా ఏంది? రోడ్డు ఇట్లనే వస్తాదా?"

నన్ను వదిలెయ్యి మహాప్రభో అన్నట్టు సోమేశ్వరరావు కళ్ళు మూసుకుని రెండు చేతులూ జోడించాడు.

"జపంలో ఉండారా! కానీండి, కానీండి." చెన్నకేశవులు చెప్పులు విడిచి రెండడుగులు వెనక్కి వేశాడు. సోమేశ్వరరావు ఇటూ అటూ చూడకుండా స్కూటరెక్కి వచ్చేశాడు.

ఇంటికొస్తే తాళం. మ్యాచ్ వేళ మించిపోతోందని అమ్మణ్ణి మైదానానికి వెళ్ళిపోయింది. ఆ పూట కుళాయి కూడా రాలేదు. కడగని కాళ్ళతో, విప్పని నోటితో ఆయన మైదానం చేరేసరికి కబురు ఆయన కంటే ముందే చేరి కూర్చుంది. బాలనర్సయ్య చెప్పింది సగం, చెన్నకేశవులు తిరిగొచ్చి తనవాళ్ళతో అన్నది సగం. రెండూ కలిసి, చందానగర్ క్లబ్బు తెల్లాపూర్‌లో స్టేడియం కడుతోందని తేలింది. ఆ చివర నుంచి ఈ చివరకు వచ్చేలోపు దానికి గ్యాలరీ వచ్చింది, లైట్లు వచ్చాయి, గోవా నుంచి కోచ్ కూడా బయలుదేరాడు.

జనంలోంచి తోసుకుంటూ అమ్మణ్ణిని వెతుకుతున్న ఆయనకు ఎవరో అడ్డం పడి కాళ్ళకు మొక్కారు. చూస్తే లింగంపల్లి సెంటర్ ఫార్వర్డ్ రామన్న. ఆట మొదలవడానికి ఇంకా ఈల కొట్టలేదు.

"సార్, మీ కొత్త స్టేడియంల నాకు జర జాగ ఉంటదా?"

సోమేశ్వరరావు తెల్లమొహం వేసుకుని చూశాడు.

"సమజైంది సార్. ముందుగాల ఆట చూపియ్యమంటుండ్రు. జూడుండ్రి, ఎట్ల ఆడతనో!" రామన్న మెరుపులా మైదానంలోకి పోయాడు. సోమేశ్వరరావు గుండెలు బాదుకున్నాడు, నోరు తెరవకుండానే.

అమ్మణ్ణి ఆవలి చివర ఆడవాళ్ళ మధ్య కనిపించింది. ఆట నడుస్తుండగా చుట్టూ తిరిగి ఆమెను చేరుకుని, చేతిలో ఉన్న నీళ్ళ సీసా లాక్కుని కాళ్ళ మీద కుమ్మరించుకున్నాడు. ఆ రోజు ఆయన నోటి నుంచి వచ్చిన మొదటి మాట, "మైదానం పోయిందే!"

ఆ మాటకు తాళం వేసినట్టు జనం గోల పెట్టారు. రామన్న అందరినీ తప్పించుకుని కొట్టిన బంతి బాలు చేతివేళ్ళను తాకుతూ గోల్లో పడింది. గోలు కొట్టినవాడు లింగంపల్లి వాళ్ళ వైపు చూడలేదు. తిన్నగా సోమేశ్వరరావు వైపు తిరిగి దండం పెట్టాడు. ఆ తరవాత ఎవరూ గోలు చేయలేదు. చందానగర్ ఓడిపోయింది.

సోమేశ్వరరావు గట్టు మీద కూలబడ్డాడు. ఏడుపొచ్చింది. ఏడ్చాడు కూడా. బాలు వచ్చి పక్కన కూర్చుని, "పోనీలే నాన్నా, కొత్త స్టేడియం ఉందిగా" అన్నాడు.

"ఏ స్టేడియంరా నాయనా! ఉన్నదొక్కటే ఇది. ఇదీ నా చేతులారా పోగొట్టాను" అని పొద్దున్నుంచి జరిగిందంతా చెప్పాడు. బాలు చేతికున్న గ్లవ్సు తీసి ఒళ్ళో పెట్టుకుని వాటినే చూస్తూ ఉండిపోయాడు. వాడి ముఖం చూడలేక తండ్రి తల తిప్పుకున్నాడు.

అప్పుడొచ్చారు బాలనర్సయ్య, చెన్నకేశవులు. గెలిచిన అధ్యక్షుడి మెడలో దండ ఉంది.

"రావు సార్, ఈ గుంతల మైదానం మాకొద్దు. మీరే ఉంచుకోండి" అన్నాడు చెన్నకేశవులు, నవ్వాపుకుంటూ. "తెల్లాపూర్‌లో మీరు పూజ చేసిన తావు, దాని చుట్టూ చేనంతా, రాములనే రైతుకు బయానా ఇచ్చేసి ఇట్ల వస్తాండా. మా స్టేడియం ఆడనే. మీరు కొబ్బరికాయలూ గుమ్మడికాయలూ చూసుకున్నారు గాని, బయానా సంగతి మరిచిపోయినారు!"

సోమేశ్వరరావు దిగ్గున లేచాడు. ఎంత పగవాడైనా, మనిషి తన మూలంగా రాళ్ళు కొనుక్కుంటుంటే చూస్తూ ఊరుకోవడం ఆయన వల్ల కాలేదు.

"అయ్యో, అది భూమిపూజ కాదండీ! ఉత్త దిష్టి గుమ్మడికాయండీ! చందానగర్‌లో కూడలి దొరక్క అక్కడికొచ్చానండీ. ఆ నేల గురించి నాకేం తెలియదండీ, మా ఆవిడ మీద ఒట్టు!"

చెన్నకేశవులు పడీ పడీ నవ్వాడు. "పొద్దున చెప్పమంటే జపం. బేరం చేజారినాక దిష్టి! రోడ్ల ఆఫీసులో పనిచేసే మీకు కూడలి దొరకలేదా సార్? ఎవురన్నా నమ్ముతారా?"

చుట్టూ ఉన్న జనం కూడా నవ్వారు. పొద్దున్నుంచి ఆయన అనని మాటలన్నీ నమ్మినవాళ్ళు, అన్న ఒక్క మాటనూ నమ్మలేదు.

బాలనర్సయ్య మాత్రం ముందుకొచ్చాడు. "ఆయన వద్దన్నడు. ఇగ మైదానం మీకే ఇస్త సాబ్. మీకేమన్న అభ్యంతరమా?"

సోమేశ్వరరావు తల అడ్డంగానూ ఊపలేదు, నిలువుగానూ ఊపలేదు. మెడ బిగబట్టి, మైదానమంతా వినబడేలా, "మాకే కావాలండీ! మాకే!" అని అరిచాడు. బాలు గ్లవ్సు గాల్లోకి విసిరాడు.

ఇంటికొచ్చి చల్లారిపోయిన ఉప్మా ముందు కూర్చున్నాక అమ్మణ్ణి అడిగింది, "దారిలో మాట్లాడలేదుగా?"

"లేదు."

"వెనక్కి తిరిగి చూడలేదుగా?"

"తిరగలేదు."

"మరెందుకు ఓడిపోయినట్టు?"

సోమేశ్వరరావు కాసేపు ఉప్మాలో కరివేపాకు ఏరుకున్నాడు. "అద్దంలో మాత్రం... ఒక్కసారి చూశానే."

అమ్మణ్ణి లేచి వంటింట్లోకి వెళ్ళింది. మర్నాడు ఆయన ఆఫీసుకు బయలుదేరేసరికి స్కూటరుకు అద్దం లేదు.