శాంతయ్య తిప్పిన తేదీ

ఆ సోమవారం నుంచైనా కాఫీ వేడిగా తాగాలని శాంతయ్య ఆశపడ్డాడు. పూతలపట్టు మామిడి రైతుల సంఘంలో ఆయన గుమాస్తా. గుజ్జు ఫ్యాక్టరీవాళ్లు రోజూ వెబ్‌సైటులో పెట్టే ట్రాక్టర్ల వంతుల జాబితా చూసి, ఆఫీసు కంప్యూటరులోని డేటాబేసులో ఒక్కో పేరూ ఎక్కించి, ఒక్కో రైతుకూ ఫోను చేసేసరికి కాఫీ మీద మీగడ కట్టేది. భార్య పోయాక మళ్లీ వేడిచేసి ఇచ్చేవాళ్లూ లేరు.

కొత్తగా చేరిన అమల వారం రోజులు కూర్చుని ఒక స్క్రిప్టు రాసింది. రోజూ పొద్దున ఏడున్నర కాగానే డేటాబేసు తనంతట తానే ఆ తేదీ జాబితాను వెబ్‌సైటు నుంచి దించుకుని, రైతులకు మెసేజీలు పంపేస్తుంది. నలభై పేర్లు, నిమిషం పని. ఆ పిల్ల తెలివికి శాంతయ్యకు దండం పెట్టాలనిపించింది. సంఘం అధ్యక్షుడు బాలచంద్ర మాత్రం, "ఒక్క దినం తప్పినా పాత పద్ధతే," అన్నాడు.

సోమవారం పొద్దున ఏడుంబావుకు శాంతయ్య గోడమీది క్యాలెండరు చూసి ఉలిక్కిపడ్డాడు. ఏడున్నర నుంచి రాహుకాలం! స్క్రిప్టును ముట్టుకోవడం ఆయనకు రాదు. కంప్యూటరులో తేదీ మార్చడం వచ్చు. ఆదివారమైతే రాహుకాలం సాయంత్రం కదా అని ఒకరోజు వెనక్కి తిప్పి, తృప్తిగా కాఫీ పోసుకున్నాడు.

ఎనిమిదిన్నరకు అమల వచ్చింది. "ఇదేంది సార్, ఆదివారం అని సూపిస్తా ఉండాది?"

"రాహువును ఏమార్చినానమ్మా."

"ఆయన్ను కాదు సార్, నా స్క్రిప్టును ఏమార్చినారు! నిన్నటి జాబితా దించుకుని నిన్నటోళ్లనే మళ్లీ రమ్మనింది!"

కప్పు అక్కడే వదిలి శాంతయ్య మోపెడ్ ఎక్కాడు. ఫ్యాక్టరీ గేటు ముందు అప్పటికే ట్రాక్టర్లు బారులు తీరాయి. ముందున్న రైతు మునస్వామి అరిచాడు. "రాప్పా శాంతయ్యా! నిన్న మిషను సెడిపోయిందని అందర్నీ ఎనక్కి పంపినారు. కాయంతా పండి కారతా ఉండాది. నీ మెసేజీ సూసి పరిగెత్తుకోని వచ్చినా. ఈ పొద్దు గూడా వద్దంటే నీ ఇంటి ముందే కుమ్మరిస్తా!"

ఆదివారం ఫోన్లు చేసి ఇంటికి వెళ్లిపోయిన శాంతయ్యకు మిషను సంగతే తెలియదు. చేతులు జోడించుకుని సూపర్‌వైజరు మునిప్రసాద్ దగ్గరికి వెళ్లాడు. "తప్పయిపోయింది సామీ..."

"తప్పేందప్పా? తెల్లారే మిషను బాగైంది. ముందు నిన్నటోళ్ల సరుకు దించుకోవాల, ఈ పొద్దటోళ్లను రేపు రమ్మనాలని ఇప్పుడే అనుకుంటిమి. వెబ్‌సైటులో ఇంకా పెట్టనేలేదు. మీ కంప్యూటరుకు ఎట్ల తెలిసె?"

శాంతయ్య జోడించిన చేతులు దించాడు. "మా అమల రాసిందప్పా," అన్నాడు. మునిప్రసాద్ అప్పటికప్పుడే బాలచంద్రకు ఫోను చేసి ఆ పిల్లను మెచ్చుకున్నాడు. మునస్వామి ట్రాక్టరు గేటు దాటింది. సోమవారం వంతువాళ్లు మెసేజీ రాక ఒక్క కాయైనా కోయలేదు.

తిరిగొచ్చేసరికి బల్లమీద కాఫీ పొగలు కక్కుతోంది. అమల వేడిచేసి పెట్టి, తన స్క్రిప్టులో ఏదో మారుస్తోంది.

ఆ రోజు నుంచి అది తేదీని వెబ్‌సైటునే అడుగుతోంది, శాంతయ్య కంప్యూటరును అడగడం మానేసింది.